మన షీటు దొరకదన్న మేనత్త

అత్తయ్య పోయిందన్న కబురు నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నేను గుంటూరులో మా ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ తెర మీద ఎక్కడిదో ఒక కాలువను గీస్తున్నాను. పాత మ్యాపులు చూసి కాలువలూ రోడ్లూ గీసిపెట్టడమే నా ఉద్యోగం. "అమ్మాయ్, మీ అత్త పోయింది. పొద్దున్నే కాఫీ కలుపుకుందంట, తాగలేదంట," అన్నాడు. వస్తున్నాను నాన్నా అన్నాను. గీస్తున్న కాలువను సగంలో వదలడం ఇష్టం లేక చివరిదాకా గీసి, సేవ్ చేసి లేచాను. బస్సెక్కాక ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపం వచ్చింది. ఆమెను నేను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా మేనత్త విషయంలో మంచికి కొదవ లేదు, అదంతా చెప్తాను. ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె నేర్పిన విద్య పెట్టిందే. కానీ ఆమె నన్ను మోసం చేసింది. మా నాన్నను అంతకన్నా ఎక్కువ మోసం చేసింది. ఆ ముక్క వదిలేసి రాస్తే అది ఫొటోకు దండ వేయడమే గానీ ఆమెను తలుచుకోవడం కాదు.

ఆమె మా నాన్నకు అక్క. మా తాత తీరు లోకానికి ఎదురు తీరు. కొడుకును నాగలి వెనక పంపి, కూతుర్ని కాలేజీకి పంపాడు. అత్తయ్య భూగర్భ శాస్త్రం చదివి, రిటైరయ్యేదాకా ఒక డిగ్రీ కాలేజీలో అదే పాఠం చెప్పింది. మా ఊళ్ళో ఆమెను రాళ్ళ టీచరమ్మ అనేవాళ్ళు. మా నాన్నకు దాంట్లో చెప్పలేనంత గొప్ప. ఎవరైనా చేతిలో గులకరాయి పట్టుకుని కనిపిస్తే చాలు, "మా అక్కకి చూపిస్తే దాని జాతకం చెప్పుద్ది," అనేవాడు. తను చదువుకోలేదన్న బాధ ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరి చదువూ ఆమే చదివిందన్నట్టు ఉండేవాడు.

మావయ్య తొందరగా పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక ఆమె మార్టూరులో ఒక మేడ మీది వాటా అద్దెకు తీసుకుంది. ఇంటాయన మస్తాన్ గారికి గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉంది. పొద్దున లేచింది మొదలు ఆ వీధంతా రాతిని కోసే రంపాల రొద. తెల్లటి రాతి బురద కాలవల్లో పెరుగులా పేరుకుని ఉండేది. ఆ రొదలో అత్తయ్య చెవుల్లో దూది పెట్టుకుని, భూతద్దంతో మ్యాపులు చూసుకుంటూ కూర్చునేది. ఎవరైనా వస్తే ఒక చెవిలో దూది తీసేది. వచ్చినవాళ్ళు నచ్చితే రెండో చెవిలోది కూడా తీసేది.

నా డిగ్రీ అయి ఇంట్లో ఊరికే ఉన్న రోజుల్లో ఆమే కబురు పెట్టింది. "ఇంట్లో కూర్చుని గోడలు చూసి ఏం చేస్తావే? ఇక్కడికి రా, భూమిని చూద్దువు గాని," అంది. వెళ్ళాను. మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. మధ్యాహ్నం కంచంలో అన్నం కుప్పగా పెట్టి, దాని చుట్టూ పప్పుచారు కొంచెం పోసింది. "చారు ఎక్కడిదాకా తగిలింది? ఆ అంచు వెంబడి గీత గీశావనుకో." ఇంకొంచెం పోసింది. "ఇప్పుడింకో గీత." ఇంకొంచెం పోసింది. "కుప్ప నిటారుగా ఉన్నవైపు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయా? వాలుగా ఉన్నవైపు దూరంగా పోయాయా? అయిపోయింది, మ్యాపులో ఎత్తు చూపించే గీత, కాంటూరు అంటే అంతే. ఇంక తిను, చల్లారిపోతంది." ఈనాటికీ నేను తెర మీద కొండను చూస్తే ముందు నాకు పప్పుచారు వాసన వస్తుంది.

తర్వాత వెతకడం నేర్పింది. ఒకప్పుడు ఒక షీటు, అంటే ఒక ప్రాంతం మ్యాపు, కావాలంటే కాలేజీ కాగితం మీద అర్జీ పెట్టుకుని, బీరువా తాళం తీసేవాడి కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేదట. ఇప్పుడు అవే షీట్లు ఇంట్లో కూర్చుంటే కళ్ళముందుకు వస్తున్నాయి. ఆ ఆనందం ఆమె దాచుకోలేకపోయేది. ప్రభుత్వం వాళ్ళ సైటులో పేరు నమోదు చేసుకుని, ఫోనుకు నంబరు వచ్చేదాకా ఆగి, అది రాకపోతే మళ్ళీ కొట్టి, చివరికి మ్యాపు తెర మీద పై నుంచి కిందికి మెల్లగా విచ్చుకుంటుంటే, అరవై దాటిన మనిషి పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చునేది.

నేను మొదట ఊరి పేరు కొట్టి వెతికేదాన్ని. "ఊరి పేరుతో వెతకమాకే. ఆ పేరు ఇంగ్లీషులో ఒక్కోడు ఒక్కోలా రాస్తాడు. దేశమంతా గళ్ళు గళ్ళుగా కోసి ప్రతి గడికీ ఒక నంబరిచ్చారు. ఆ నంబరు పట్టుకో, ఎక్కడున్నా దొరుకుద్ది." మ్యాపు తెరుచుకోగానే నా కళ్ళు మధ్యకు పోయేవి. "బొమ్మ తర్వాత. ముందు అంచు చదువు. ఏ రంగు ఏ రాయో, ఎప్పుడు సర్వే చేశారో అంతా అంచులోనే ఉంటది. సంవత్సరం చూడని మ్యాపూ తేదీ చూడని మందూ ఒకటే." ఈ మాటలు నేనిప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్తుంటాను. నా మాటలే అనుకుంటారు.

ఒకసారి వేటపాలెం తీసుకెళ్ళింది. అంతకుముందు రోజు ఏదో పైదేశపు లైబ్రరీ వాళ్ళు ఎక్కించిన పాత మ్యాపు దొరికింది. దాంట్లో ఆ తీరమంతా ఇసుక దిబ్బలు వరుసలు వరుసలుగా, సముద్రానికి సమాంతరంగా ఉన్నాయి. జీడిమామిడి తోటల పక్కన ఒక దిబ్బ మీద నన్ను నిలబెట్టి, మ్యాపు అచ్చేసిన కాయితం చేతికిచ్చింది. "ఇప్పుడు నువ్వు నిలబడింది ఒకప్పటి సముద్రం ఒడ్డు. అది మెల్లగా వెనక్కి పోతా పోతా, ఆగినచోటల్లా ఒక దిబ్బ పోసిపోయింది," అంది. కాళ్ళకింద ఇసుకను చూస్తే ఒళ్ళు ఝల్లుమంది. వచ్చేటప్పుడు అక్కడే విరిగిన జీడిపప్పు పలుకులు కొని, ఇంటికొచ్చి కారం ఉప్పు వేసి వేయించి పెట్టింది. ఆమె దగ్గర గడిపిన రోజుల్లో అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి నాకు గుర్తు లేదు.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాను. "అత్తయ్యా, మన ఊరి షీటు కూడా తీద్దామా? కింద ఏ రాయి ఉందో చూద్దాం."

"మనది దొరకదే," అంది వెంటనే. "సముద్రానికి దగ్గర్లో ఉన్న షీట్లు బయటికివ్వరు. వాటికి ఆంక్షలు."

మా ప్రాంతంలో ఇది అందరికీ తెలిసిన మాట. ఒకప్పుడు నిజం కూడా. తీరం పక్క మ్యాపులు అడిగితే ఎందుకు, ఏమిటి అని సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్ళని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని నమ్మాను. ఆ పొద్దున్నే సముద్రం వాసన తగిలేచోట, చేతిలో తీరం మ్యాపు పట్టుకుని నిలబడినదాన్ని, సముద్రం కంటికి కూడా ఆనని మా ఊరి షీటుకు ఆంక్షలున్నాయంటే నమ్మాను. పొద్దున చూసింది పైదేశంవాళ్ళది, పాతది, రాళ్ళ మ్యాపులు వేరు అని ఆమె అంది, నేను తలూపాను. ఆమె చెప్పింది కాబట్టి నమ్మాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?

ఇక మా పొలం సంగతి చెప్పాలి. మా ఊరికి పడమర పక్క ఒక తిప్ప ఉంది. కొండ అనడానికి లేదు. పైన తుమ్మచెట్లూ పగుళ్ళిచ్చిన బండలూ తప్ప ఏమీ కనపడవు. అది పొరల రాయి, ఎందుకూ పనికిరాదని ఊరంతా అనుకుంటారు. ఆ తిప్ప కిందే మా ఆరెకరాలు. మా నాన్న మిరప రైతు. పొగాకు వేసిన ఏళ్ళున్నాయి, పత్తి వేసిన ఏళ్ళున్నాయి గానీ ఆయన మనసు మాత్రం మిరప మీదే. కల్లంలో కాయ ఎర్రగా ఆరబోసి ఉంటే ఆ చుట్టే తిరుగుతాడు, అన్నానికి పిలిచినా రాడు. మిరపకు నీళ్ళు కావాలి. మా పాత బావి ఎండిపోయాక ఆయన బోర్ల వెంట పడ్డాడు.

బోరు వేసే ముందు ప్రతిసారీ అక్కనే అడిగాడు. పొలానికి తీసుకొచ్చి, గట్టు మీద నిలబెట్టి, "అక్కా, ఎక్కడ వేయమంటావ్?" అనేవాడు. ఆమె గొడుగు వేసుకుని చేనంతా కలయచూసి ప్రతిసారీ ఒకే మాట అంది. "నాకు రాళ్ళు తెలుసుగాని నీళ్ళు తెలీవురా తమ్ముడూ." మా నాన్న ఆ మాటను ఎంత గొప్పగా చెప్పుకున్నాడో! అంత చదివీ అణకువ చూడండి అనేవాడు. ఆమె చెప్పలేదు కాబట్టి నీళ్ళు చూసేవాణ్ణి పిలిచాడు. అతను కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలో నడిచాడు. కాయ లేచి నిలబడినచోట రాయి పాతారు. అక్కడ బోరు వేశారు. పడలేదు.

మూడో బోరు వేసిన రోజు నేనూ ఉన్నాను. బోరు బండి గొట్టం దిగుతున్నకొద్దీ తెల్లటి పిండి చిమ్ముతోంది. తడి అన్నది లేదు. మా నాన్న ఆ పిండి మీద పడిన ప్రతి చినుకునీ చూస్తున్నాడు, అది బండి నుంచి కారిన నూనె అని తెలిసినా చూస్తున్నాడు. అత్తయ్య దూరంగా నిలబడి ఉంది. గాలికి ఎగిరివచ్చిన పిండిని వేళ్ళతో చిటికెడు తీసుకుని, నలిపి చూసి, కొంగుకు తుడుచుకుంది. తమ్ముడి బాధ చూడలేకపోతోందనుకున్నాను. ఆమె చూసింది ఏ రాయో నాకప్పుడు తెలీదు.

బోర్ల అప్పు తీర్చడానికి రోడ్డు పక్క రెండెకరాలు అమ్మాల్సి వచ్చింది. పక్క చేను కోటయ్య కొన్నాడు. మరుసటి ఏడు ఆయన అందులో బోరు వేస్తే, ఊరంతా వెళ్ళి చూసేంత నీరు పడింది. కోటయ్య చేతి చలవ అన్నారు. మా నాన్న కూడా అదే అన్నాడు, ఈర్ష్య పడే గుణం ఆయనకు లేదు. కానీ అప్పటి నుంచీ, మిగిలిన నేలలో వేసిన కాస్త మిరపను బతికించుకోవడానికి, తను అమ్మేసిన నేలలోంచి వచ్చే నీళ్ళను కోటయ్య వంతులు ముగిశాక అడుక్కుంటాడు. కోటయ్య మంచివాడే, కాదనడు. అయినా అడగడానికి వెళ్ళే ముందు మా నాన్న చొక్కా మార్చుకుంటాడు. అది నేను చూడలేను.

పోయిన ఏడాది వానాకాలంలో మా ఆఫీసుకు ప్రకాశం వైపు పని ఒకటి వచ్చింది. నాకు పంచిన షీట్ల నంబర్లలో ఒకటి చూడగానే మాదని గుర్తుపట్టాను. ఇది దొరకదండీ, ఆంక్షలున్నాయి అన్నాను మా సూపర్‌వైజర్‌తో. ఆయన నవ్వి, "ఎవరమ్మా చెప్పింది? ఎప్పటి నుంచో అందరికీ ఇస్తున్నారుగా," అన్నాడు. రాళ్ళ మ్యాపుల సైటు తెరిచాను. నంబరు కొట్టాను. ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. పై నుంచి కిందికి మెల్లగా విచ్చుకుంది.

అలవాటు కొద్దీ ముందు అంచు చదివాను. గులాబీ రంగు ఎక్కడుంటే అక్కడ గ్రానైటు. పొరల రాయి అనుకున్న మా తిప్ప గులాబీ రంగు. మా పొలం గులాబీ రంగు. ఆ రంగు మధ్యలో సన్నటి నల్లగీత ఒకటి ఏటవాలుగా పోతోంది. అటువంటి గీతంటే ఏమిటో అత్తయ్యే నేర్పింది. నేల లోపల నిలువుగా నిలబడిన నల్లరాతి గోడ అది. తిప్ప మీద నుంచి దిగిన ఊట ఆ గోడకు ఆని ఆగుతుంది, అక్కడ తవ్వితే నీళ్ళు పడతాయి. ఆ గీత మేం అమ్మిన రెండెకరాల్లోంచి పోతోంది. మ్యాపులో గీత వెంట్రుక వాసి, నేల మీద కొంచెం అటూ ఇటూ కావచ్చు, అంత కచ్చితంగా చెప్పలేం. కానీ ఆ చేను గట్టు పొడవునా మా నాన్న చిన్నప్పటి నుంచీ దుక్కిలో ఏరి పోసిన రాళ్ళన్నీ నల్లవే. మిగతా పొలంలో ఒక్క నల్లరాయి ఉండదు. ఆ గట్టు మీద ఆడుకున్న మనిషి, ఆ చదువే చదివిన మనిషి, చూడకుండా ఉంటుందా?

ఆ ఆదివారమే మార్టూరు వెళ్ళాను. అత్తయ్య వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది, మా నాన్న పంపిన కాయలే. ఫోన్లో మ్యాపు తెరిచి ఆమె ముందు పెట్టాను. చూసింది. రెండు చెవుల్లోనూ దూది తీసి పక్కన పెట్టింది.

"దొరకదన్నావు," అన్నాను.

"అన్నాను."

"నీకు తెలుసా?"

"నీకంటే ముందు నుంచి తెలుసు. నెట్టులోకి రాకముందు నుంచి తెలుసు."

"మరి నాన్న అడిగినప్పుడు?"

ఆమె చేతిలో కాయకు తొడిమ తీసి చేటలో వేసింది. తర్వాత పక్కూరి కొండ సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పిల్లల్ని ఆ కొండ మీదికి తీసుకెళ్ళిందట. ఎక్కడా బీట లేని రాయి, ఇంత మంచి రాయి ఈ చుట్టుపక్కల లేదని మురిసిపోతూ పాఠం చెప్పిందట. విన్నవాళ్ళలో ఒకడు ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పాడు. "మళ్ళీ ఏడు పిల్లల్ని తీసుకెళ్తే క్వారీ గేటు వేసి ఉంది. లోపల రాయి తొలిచే కంప్రెసర్లు మోగుతున్నాయి. ఇప్పుడా కొండ మ్యాపులోనే ఉందే. నేల మీద గొయ్యి ఉంది, గోతిలో పచ్చటి నీళ్ళున్నాయి. ఆ ఊళ్ళో బావులన్నీ ఆ గోతిలోకి దిగిపోయాయి."

"నువ్వు దాస్తే ఆగుతుందా అత్తయ్యా? లోకమంతా చూసేచోట ఉంది కదా ఈ మ్యాపు."

"లోకం చూడదే. ఇన్ని షీట్లలో ఎవడు చూస్తాడు? ఇదిగో ఇక్కడ అని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి. ఆ వేలు నాది కాకూడదు."

"రాయి సంగతి వద్దు. నీళ్ళ గీత చూపిస్తే ఏం పోయేది?"

"గీత చూపిస్తే మీ నాన్న ఊరుకుంటాడా? ఎట్టా తెలిసిందక్కా అంటాడు. మ్యాపులో అంటాను. సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర మా అక్క మ్యాపులో చూసి చెప్పింది అంటాడు. ఆ మ్యాపేదో తెమ్మంటారు. మీ నాన్న కడుపులో మాట ఆగదు, నీకు తెలీదా?"

అది నిజమే. మా నాన్న కడుపులో ఏదీ ఆగదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "తిప్ప కోసం సొంత తమ్ముణ్ణి ఎండగట్టావా?" అన్నాను.

"మీ నాన్న ఎండితే మళ్ళీ తడుస్తాడే. తిప్ప పోతే రాదు."

"రెండెకరాలు పోయాయి. అవొస్తాయా?"

ఆమె ఒళ్ళో పడిన తొడిమలు దులుపుకుంది. లేచి టీ పెట్టబోయింది. నేను తాగకుండా వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పై నుంచి, "చెప్పమాకే," అంది. బతిమాలినట్టు లేదు, పాఠం చెప్పినట్టే ఉంది.

ఆమె వాదన అర్థం కాలేదని కాదు. నేను కూడా ఆ గొయ్యి చూశాను. కానీ ఆమె తిప్పకు ఇచ్చింది తన సొంత సొమ్ము కాదు. మా నాన్న నమ్మకం తీసి ఇచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది. పైగా నాకు కళ్ళిచ్చిన మనిషే ఒక్క చోటికి వచ్చేసరికి ఆ కళ్ళకు గంతలు కట్టింది. అన్నీ వెతకడం నేర్పి, నాకు ఏది కావాలో అది లేదంది. పరాయివాళ్ళు అబద్ధమాడితే మరిచిపోతాం. ఇది అలా పోయేది కాదు. అప్పుడప్పుడూ ఆమె ఫోన్ చేసేది, మాట్లాడేదాన్ని. వానల గురించి, మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుకున్నాం. మ్యాపుల మాట ఇద్దరం ఎత్తలేదు. నాన్నకు నేను చెప్పలేదు. చెప్పి ఆయనకు అక్క లేకుండా చేయడం నా వల్ల కాలేదు.

ఆమెను మార్టూరు నుంచి మా ఊరికి తెచ్చారు. చుట్టాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత విద్యార్థులు, వాకిలి నిండిపోయింది. మస్తాన్ గారు ఆ రోజు యూనిట్ ఆపేసి వచ్చారు. నా దగ్గరికి వచ్చి, "మేడమ్ గారిని ఎన్నో ఏళ్ళు అడిగానమ్మా, మంచి రాయి ఎక్కడుందో ఒక్క మాట చెప్పండి అని. నవ్వేసి టీ ఇచ్చేవారు. నాకు చెప్పకపోయినా సొంత తమ్ముడికైతే చెప్పే ఉంటారులే అనుకునేవాణ్ణి," అన్నారు. ఆయనకు ఏమని జవాబు చెప్పను? అవునండీ అన్నాను.

పెద్దకర్మ అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక నాన్న నాతో అన్నాడు. "అమ్మాయ్, ఇంకో బోరు వేయిద్దామనుకుంటున్నానే. మా అక్క పేరు మీద. ఇన్నిసార్లు పడలేదు, ఆమె పేరు పెడితే పడుద్దేమో. పడితే ఆమె చలవ అని బోరు మీద పేరు రాయిస్తా."

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. నాన్న, తన అక్క కోసం ఏడుస్తున్నాననుకుని నా తల నిమిరాడు. ఉన్న నాలుగెకరాల్లో ఇంకా ఎంత అమ్ముతాడు? ఆమె నోరు విప్పనందుకే రెండెకరాలు పోయాయి. ఇప్పుడు నేనూ విప్పకపోతే ఆమె పేరు చెక్కిన ఎండు బోరు ఒకటి మా చేలో మిగులుతుంది.

మర్నాడు పొద్దున పొలానికి తీసుకెళ్ళి అంతా చెప్పాను. ఫోన్లో మ్యాపు తెరిచి, గులాబీ రంగు చూపించాను. ఇదంతా రాయే నాన్నా, నువ్వెక్కడ వేసినా పిండే వస్తుంది అన్నాను. నల్లగీత చూపించాను. అది ఎక్కడుందో చెప్పాను. అత్తయ్యకు తెలుసని కూడా చెప్పాను, ఆమె చెప్పిన కారణం కూడా చెప్పాను. దాచడం నాకు చేతకాదు, నేను ఆయన కూతుర్ని.

ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. అరుస్తాడనుకున్నాను. ఒక నల్లరాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడిది అక్కడే పెట్టాడు.

"నా కడుపులో మాట ఆగదందా?" అన్నాడు.

"అంది."

"ఒక్క మాట, తమ్ముడూ చెప్పమాకరా అంటే, చెప్పేవాణ్ణా నేను? మా అక్క అడిగితే?"

ఆయన తిప్ప వైపు చూస్తున్నాడు. గొర్రెలు నాలుగు బండల మధ్య మేస్తున్నాయి.

"ఇది ఇంకెవరికన్నా చూపించావా?"

"లేదు."

"చూపించమాక," అన్నాడు. "ఇంక బోరూ వద్దు, వచ్చే ఏడు మిరపా వద్దు. కంది వేస్తా. కందికి వాన చాలు."

కాబట్టి చదివే మీకు ఒక మాట. మీ ప్రాంతం రాళ్ళ మ్యాపు కావాలంటే వెతుక్కోండి, దొరుకుతుంది. ఊరి పేరుతో కాదు, షీటు నంబరుతో వెతకండి. ముందు అంచు చదవండి. ఆంక్షలున్నాయని ఎవరు చెప్పినా, ఎంత దగ్గరివాళ్ళు చెప్పినా, ఒకసారి మీరే చూడండి. మార్టూరు చుట్టూ తిప్పలున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. మాది ఏదో నేను రాయలేదు, షీటు నంబరూ రాయలేదు, పేర్లు కూడా మార్చాను. మీకు కోపం వస్తే రావచ్చు. నాకు ఇంకా వస్తూనే ఉంది.

ఆ రోజు నాన్న వెంటనే ఇంటికి రాలేదు. ఫోన్ ఇమ్మన్నాడు. మనం ఎక్కడుంటే అక్కడ మ్యాపు మీద ఒక నీలం చుక్క కనపడేట్టు పెట్టిచ్చాను. ఇది నువ్వే నాన్నా అన్నాను. చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, ఫోన్ను రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. మూడు బోర్ల దగ్గరా ఒక్కొక్క క్షణం నిలబడ్డాడు, మూడు చోట్లా చుక్క గులాబీ రంగు మధ్యలోనే ఉంది. తర్వాత కోటయ్య చేను వైపు తిరిగాడు. అక్కడ మోటారు నడుస్తోంది, మిరప మొదళ్ళదాకా తడిసి పచ్చగా ఉంది, కింది కాయ ఎర్రబారుతోంది. నేను వెనకాలే వెళ్ళి ఆయన భుజం మీదుగా తెర చూశాను. నల్లగీత ఇంకో నాలుగడుగుల్లో ఉంది. నాన్న హద్దు గట్టు దగ్గర ఆగిపోయాడు. దాటి వెళ్ళి చూడు నాన్నా, కోటయ్య ఏమీ అనుకోడు అన్నాను. "మనది కాదుగా," అని అక్కడే నిలబడి, అది తనంతట తను అటు వెళ్తుందేమోనన్నట్టు ఆ నీలం చుక్కనే చూస్తూ ఉండిపోయాడు.